తుడిచిన ముక్క

వెనకటికి ఒక రాజుగారు సంతవీధిలో పొడవాటి గోడ కట్టించి, ఊరికి పనికొచ్చే మాట ఎవరైనా దానిమీద బొగ్గుతో రాయొచ్చని చాటింపు వేయించారు. ఆ గోడకి సున్నం కొట్టే పని కొండాలమ్మది. పడవ నడిపే గవరయ్య రోజూ ఏటి లోతు రాసేవాడు. దాని కింద ఎవరో పేరు లేకుండా తిట్లు రాసేవారు. తుడిచి తుడిచి కొండాలమ్మ చేతులు పుండ్లు పడ్డాయి. గవరయ్య విసిగి రాయడం మానేశాడు. ఆ వారమే లోతు తెలియక రెండు బళ్లు ఏట్లో కొట్టుకుపోయాయి.

"గోడ కూలగొట్టించేస్తాను!" అన్నారు రాజుగారు.

"రెండు రోజులు ఆగండి ప్రభూ" అని, కొండాలమ్మ గవరయ్యని బతిమాలి మళ్లీ రాయించింది. మర్నాటికల్లా కింద తిట్టు తయారు. అందులోని ప్రాస చూసి అనుమానం వచ్చి, కొండాలమ్మ రాజుగారి చేత అందర్నీ గోడ దగ్గరికి రప్పించి, ఆస్థాన పండితుణ్ణి అడిగింది.

"అయ్యవారూ, నాకు చదువు అంతంతమాత్రం. ఇదేమిటో కాస్త చదివి పెట్టండి."

పండితుడు గొంతు సవరించుకుని రాగం తీశాడు. "ఈ పడవవాడు మొసలికి మేనల్లుడు, వీడి మాట నమ్మినవాడు గాడిదకి తమ్ముడు!"

"గోడమీద ఉన్నది మేనల్లుడి దాకానే కదండీ! గాడిద ముక్క పొద్దున్నే, ఎవరూ చూడకముందే నేను తుడిచేశాను. అది మీకెలా కనపడింది?"



"ఇతనికేం శిక్ష వెయ్యమంటావు?" అన్నారు రాజుగారు.

కొండాలమ్మ నిట్టూర్చింది. "శిక్షలెందుకు ప్రభూ? ఇకమీదట ఎవరు రాసినా కింద పేరు రాయించండి. సగం గోడ నేను తుడవక్కర్లేకుండానే తెల్లగా ఉంటుంది."