ఊరకే పుచ్చుకోలేని జకరయ్య

కనిగిరి వైపు ఒక మెట్ట పల్లెలో జకరయ్య అనే బావి పనివాడు ఉండేవాడు, పనిలో ఎంత మంచివాడైనా అతనికి ఎవరి దగ్గరా ఏదీ ఊరకే పుచ్చుకోలేని జబ్బు ఉండేది.

జబ్బు అని ఎందుకంటున్నానో వినండి పిల్లలూ. పక్కింటివాళ్ళు గిన్నెడు కూర ఇస్తే, ఆ గిన్నె కడిగి వట్టిది తిరిగి ఇవ్వడం అతని వల్ల అయ్యేది కాదు. అందులో నాలుగు వంకాయలైనా వేసి పంపాలి. అవి దొరికేదాకా ఆ కూర అరిగేది కాదు. దారిలో ఎవరైనా దాహానికి చెంబెడు నీళ్ళిస్తే, వాళ్ళ కుండ నింపి వచ్చేవాడు. ఊళ్ళోవాళ్ళు "ఎంత మర్యాదస్తుడో" అనేవాళ్ళు. అతని భార్య ఎస్తేరమ్మ మాత్రం మూతి తిప్పేది.

"మర్యాద కాదు, పాడూ కాదు. అది పొగరు. తను ఎవరి ముందూ తక్కువ కాకూడదు, అంతే" అనేది.

భార్యలకు కొన్ని సంగతులు ముందే తెలుస్తాయి.

జకరయ్యకు జతగాడు మత్తయ్య. ఇద్దరూ కలిసే బావులు పూడిక తీసేవాళ్ళు. ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళు గానీ, ఆ చుట్టరికం ఎటునుంచి వచ్చిందో ఇద్దరికీ సరిగ్గా తెలియదు. మత్తయ్యది నవ్వు ముఖం.

"బావా, నువ్వు పరలోకం వెళ్ళినా గేటు దగ్గర వంకాయల బుట్ట పట్టుకుని నిలబడతావు" అని ఏడిపించేవాడు.

"నువ్వు మాత్రం అప్పటికే లోపల విస్తరి ముందు కూర్చుని ఉంటావులే" అనేవాడు జకరయ్య.

బావి పనివాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. పాత బావిలోకి మనిషి దిగే ముందు తాడుకు లాంతరు కట్టి దించుతారు. దీపం అడుగుదాకా వెలుగుతూ వెళితే మనిషి దిగవచ్చు. మధ్యలో ఆరిపోతే లోపల గాలి చెడిపోయిందని అర్థం. అప్పుడు వేపమండలు తాడుకు కట్టి, గంటసేపు పైకీ కిందికీ ఆడిస్తారు. నీళ్ళు కుమ్మరిస్తారు. మళ్ళీ దీపం దించి చూస్తారు. నిన్న దిగిన బావే అయినా సరే, పొద్దున్నే ఇది జరగాల్సిందే.

ఒక ఎండాకాలం వాళ్ళిద్దరూ పిచ్చిరెడ్డి అనే రైతు తోటలో బావి పని ఒప్పుకున్నారు. మొదటి రోజు బాగానే జరిగింది. అడుగున నల్ల బురద తగిలింది. రెండో రోజు పొద్దున వాళ్ళు వెళ్ళేసరికి పిచ్చిరెడ్డి భార్య పిలిచి, వేడి సంగటి, గోంగూర పచ్చడి పెట్టింది. మత్తయ్య చక్కగా కూర్చుని తిన్నాడు. జకరయ్యకు ముద్ద దిగలేదు. ఇంకా తట్టెడు మట్టి తీయలేదు, అప్పుడే వాళ్ళ తిండి తింటున్నామే అని సిగ్గేసింది. గబగబా నాలుగు ముద్దలు మింగి లేచాడు. నడుముకు తువ్వాలు బిగించి బావి గట్టు ఎక్కాడు.

"ఆగు బావా! దీపం దించలేదు. అగ్గిపెట్టె ఎక్కడ పెట్టానో వెతుకుతున్నా" అన్నాడు మత్తయ్య.

"నిన్న దిగిన బావేగా. తిన్నదానికి రెండు తట్టలన్నా తీయనీ" అని జకరయ్య పక్కరాళ్ళ మీద అడుగులేస్తూ దిగిపోయాడు.

అడుగుకు చేరిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు. మత్తయ్య మూడుసార్లు పిలిచాడు. పలకలేదు. ఆ కేకలకు పిచ్చిరెడ్డి, అతని భార్య పరుగెత్తుకొచ్చారు. మత్తయ్య లాంతరు వెలిగించి దించాడు. అది సగంలోనే ఆరిపోయింది.

మండలు కొట్టి తెచ్చి, గాలి ఆడించి, మళ్ళీ దీపం దించేంత సేపు లోపలి మనిషి ఆగడు. ఆ సంగతి మత్తయ్యకు తెలుసు. ఆరిన దీపం కళ్ళ ముందే ఉంది కాబట్టి, దిగితే ఏమవుతుందో కూడా తెలుసు. తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకున్నాడు. తాడు పట్టుకుని దిగాడు. అడుగున జకరయ్య నడుముకు ఆ తాడు కట్టి, రెండుసార్లు గుంజాడు. పిచ్చిరెడ్డి, అతని భార్య గిలక మీదుగా లాగారు. జకరయ్య పైకి వచ్చాడు. ఊపిరి ఉంది.

తాడు మళ్ళీ దించారు. ఈసారి దాన్ని ఎవరూ గుంజలేదు.

మత్తయ్యకు భార్య ఉంది, సుగుణమ్మ. చిన్న కూతురు ఉంది. సమాధి దగ్గర ఊళ్ళోవాళ్ళు ఓదార్చారు గానీ, జకరయ్య చెవికి ఏదీ ఎక్కలేదు. చెంబెడు నీళ్ళు పుచ్చుకుంటే బదులు ఇవ్వకుండా ఉండలేనివాడు, ప్రాణం పుచ్చుకున్నాడు. దీనికి ఏం తిరిగి ఇస్తాడు?

అయినా ఇవ్వాలనే చూశాడు. చెప్పులు వదిలేశాడు. మంచం మీద పడుకోవడం మానేశాడు. పండగ పూట కూడా గంజి తప్ప తాగలేదు. రోజూ తెల్లవారేసరికి కావడి భుజాన వేసుకుని సుగుణమ్మ ఇంటికి నీళ్ళు మోసేవాడు. కట్టెలు కొట్టేవాడు. ఏడాదికోసారి ఆమె ఇంటి కప్పు మీద తాటాకు మార్చేవాడు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాలు నలభై రోజులూ పొద్దుగూకేదాకా నీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. ఆదివారం గుడికి వచ్చేవాడు, వాక్యం వినేవాడు, ప్రభువు బల్ల దగ్గరకు అందరూ రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి లేచేసరికి బయటికి పోయి చెప్పుల పక్కన నిలబడేవాడు.

"లోపలికి రా జకరయ్యా, ఇది నీకు కూడానయ్యా" అనేవారు పాస్టరు అయ్యగారు.

"ఇంకా నేను తీసుకునేంత కాలేదయ్యగారూ" అనేవాడు.

అలా ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు, పదకొండేళ్ళు. ఆ పదకొండేళ్ళలో ఎవరికి సుఖం కలిగిందీ అని నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. సుగుణమ్మకా? తెల్లవారి గుమ్మంలో కావడి కిర్రుమన్నప్పుడల్లా, భర్త పోయిన రోజు ఆమెకు మళ్ళీ మొదలయ్యేది. ఎస్తేరమ్మకా? ఆమె ఒకసారి బట్టలు ఉతుక్కుంటూ ఎవరితోనో అన్నది:

"మా సుగుణమ్మ వదినకు మొగుడు ఒక్కసారే పోయాడమ్మా. నాకు రోజూ పోతున్నాడు."

పదకొండో ఏడు శ్రమ దినాల్లో ఎండలు ముందే ముదిరాయి. మంచి శుక్రవారం ఇంకా రెండు రోజులుందనగా, జకరయ్య కావడితో సహా సుగుణమ్మ గుమ్మంలోనే పడిపోయాడు. కుండలు పగిలి నీళ్ళన్నీ వాకిట్లో పారాయి. ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి నాడి చూసి, కళ్ళు చూసి, పెదవి విరిచాడు.

"మనిషిలో ఏమీ మిగల్లేదు. ఇప్పుడు కదిలించకండి. నోట్లో ఏదైనా పడితే బతుకుతాడు. పడకపోతే నేను చెప్పేదేమీ లేదు."

దాంతో సుగుణమ్మ ఇంటి వసారాలోనే, ఆమె మంచం మీదే అతన్ని పడుకోబెట్టారు. సుగుణమ్మ జావ కాచి తెచ్చింది. జకరయ్య పెదవులు బిగించాడు. ఎస్తేరమ్మ బతిమాలింది. తిట్టింది. ఏడ్చింది. అతను గోడవైపు తిరిగాడు.

"ఈ ఇంట్లో, ఆమె చేతి ముద్ద నేను ఎట్లా తింటానే? ఏ ముఖం పెట్టుకుని తింటాను?" అన్నాడు.

రెండు రోజులు అలాగే గడిచాయి. అతని గొంతు పీలగా అయిపోయింది.

మంచి శుక్రవారం మధ్యాహ్నం గుడి గంట మోగింది. పల్లె అంతా తెల్లబట్టలు కట్టుకుని మూడు గంటల ఆరాధనకు వెళ్ళింది. సుగుణమ్మ వెళ్ళలేదు. ఎస్తేరమ్మను కాసేపు వెనక వసారాలో నడుము వాల్చమని, తాను జావ గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చుంది.

"అన్నా, నోరు తెరువు."

"వద్దమ్మా. నన్ను ఇట్లాగే పోనీ. అప్పుడన్నా సరిపోతుంది."

"ఏం సరిపోతుంది?"

"మా బావ చేసినదానికి."

సుగుణమ్మ గిన్నె కింద పెట్టింది. ఆమె అరవలేదు. అరిచే ఓపిక ఆమెకూ లేదు.

"నువ్వు పోతే ఆయన లేచి వస్తాడా అన్నా? రాడు. ఇద్దరూ పోతారు. మరి ఆయన దిగింది దేనికి? నిన్ను పైకి పంపింది దేనికి? పదకొండేళ్ళ నుంచి నువ్వు మళ్ళీ మళ్ళీ ఆ బావిలోకే దిగుతున్నావు. ఆయన ఒక్కసారి దిగింది చాల్లేదా నీకు?"

సుగుణమ్మ మంచానికి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"నీకొక మాట చెప్పాలి. ఆ పొద్దున పిచ్చిరెడ్డి నాకు చెప్పాడు. నీకు నేనే చెప్తానని అన్నాను. చెప్పలేదు. ఆ ఏడే వాళ్ళు తోట అమ్ముకుని ఒంగోలు వెళ్ళిపోయారు, ఇక నీకు చెప్పేవాళ్ళు లేకపోయారు."

"ఏం మాటమ్మా?"

"దిగే ముందు మీ బావ అన్నాడంట. 'వాడు పైకొచ్చాక ఎవరూ ఒక్క మాట అనకండి. ఇంటికి పొమ్మనండి. దీనికి మాత్రం బదులేమీ తేవద్దని చెప్పండి.' అని నవ్వాడంట."

దూరంగా గుడిలోంచి పాట లీలగా వినిపిస్తోంది.

"నవ్వాడా? ఆరిన దీపం చూసి కూడా?" అన్నాడు జకరయ్య.

"నవ్వాడంట."

"మరి ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదమ్మా?"

సుగుణమ్మ కొంగు మెలిపెట్టుకుంది.

"కడుపు మంట అన్నా. నువ్వు ముళ్ళల్లో చెప్పుల్లేకుండా నడుస్తుంటే, నడవనీ అనుకున్నాను. నా గుమ్మంలో నీళ్ళు మోస్తుంటే, మోయనీ అనుకున్నాను. రెండు మూడేళ్ళకు ఆ కోపం తీరిపోయింది. కోపానికి కూడా అలుపొస్తుంది కదా. అప్పటికి చెబుదామంటే సిగ్గేసింది. ఇంత కాలం ఎందుకు దాచావంటే ఏం చెప్పను? అట్లా అట్లా రోజులు జరిగిపోయాయి. నీ ప్రాణం ఇట్లా అయిందంటే అందులో నా పాపం కూడా ఉంది. నన్ను క్షమించు."

పదకొండేళ్ళుగా ఆ గుమ్మానికి క్షమాపణ మోసుకొచ్చినవాడు జకరయ్య. ఇప్పుడు ఆ ఇంటి మనిషే అతన్ని క్షమించమని అడిగింది. ఆమె దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. అతని దగ్గరా ఏమీ లేదు. చెయ్యి ఎత్తే సత్తువ కూడా లేదు. మత్తయ్య పోయిన నాటి నుంచీ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. చంటిబిడ్డ ఏడ్చినట్టు ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, నోరు తెరిచాడు.

సుగుణమ్మ చెంచాతో జావ పోసింది. ఒక చెంచా. రెండు. మూడోది మింగి, జకరయ్య ముఖం కాస్త చిట్లించాడు.

"ఉప్పు చాల్లేదమ్మా" అన్నాడు.

వెనక వసారాలోంచి అప్పుడే లేచి వచ్చిన ఎస్తేరమ్మ ఆ మాట విన్నది. పదకొండేళ్ళలో తన భర్త తిండికి వంక పెట్టడం వినలేదు. గుమ్మంలోనే చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా కూర్చుంది.

"ఉప్పు డబ్బా అందుకో వదినా. మీ ఆయనకు రుచులు తెలిశాయి" అన్నది సుగుణమ్మ.

ఆ ఆదివారం పునరుత్థాన పండగ. ఇద్దరు ఆడవాళ్ళూ చెరో రెక్క పట్టుకుని జకరయ్యను గుడికి నడిపించారు. బల్ల దగ్గరకు అందరూ లేచినప్పుడు అతను బయటికి పోలేదు. అందరి వెనకా వెళ్ళి, రెండు చేతులూ చాచాడు. అయ్యగారు రొట్టె పెట్టారు.

ఆ తర్వాత కూడా జకరయ్య సుగుణమ్మకు నీళ్ళు తెచ్చి పెట్టేవాడు. అయితే అన్న చెల్లెలికి తెచ్చినట్టు తెచ్చేవాడు. ఓపిక లేని రోజు మానేసేవాడు. ఆమె టీ ఇస్తే అరుగు మీద కూర్చుని తాగి పోయేవాడు. చెప్పులు కూడా వేసుకున్నాడు.

పిల్లలూ, మంచి శుక్రవారం నాడు ప్రాయశ్చిత్తం అనే మాట వింటాం. తలనెరిశాక అక్షరాలు కూడబలుక్కుని చదువుకున్నదాన్ని, నాకు ఆ మాట పలకడానికే చాలా రోజులు పట్టింది. ఒకరి చావు ఇంకొకరికి బతుకు ఎట్లా అవుతుందో ఇప్పటికీ నాకు పూర్తిగా అంతుపట్టదు. తలుచుకుంటే ఆశ్చర్యంగానే ఉంటుంది. మత్తయ్య కథ దానికి సరితూగదని కూడా తెలుసు. మత్తయ్య తనకిష్టమైన బావ కోసం దిగాడు. ప్రభువు తన ముఖాన ఉమ్మినవాళ్ళ కోసం కూడా సిలువ ఎక్కాడు. మత్తయ్య తిరిగి రాలేదు. ప్రభువు మూడో నాడు లేచాడని మనం నమ్ముతాం. కానీ జకరయ్యను మాత్రం నేను బాగా ఎరుగుదును. ప్రభువు నా కోసం చనిపోయాడని పాడుతూనే, అది చాలదన్నట్టు నన్ను నేను కొట్టుకున్న ఏళ్ళు నాకూ ఉన్నాయి. అలిసిపోయాను తప్ప, ఆయన చేసినదానికి ఒక్క వీసమెత్తు కలపలేకపోయాను.

మన కోసం ప్రాణం పెట్టినవాడికి బదులు తీర్చాలని మనల్ని మనం చంపుకోకూడదు. ఆయన ఇచ్చిన బతుకును వట్టి చేతులతో పుచ్చుకుని, సంతోషంగా బతకాలి.