పసుపు పూసిన ఎండువేప

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్లో ఎవరి గోడ వారిదే గానీ, గాలి మాత్రం అందరిదీ. అక్కడ భూషయ్య అనే నూనె వర్తకుడు ఉండేవాడు. అతని పెరట్లో పెద్ద వేపచెట్టొకటి నిలువునా ఎండిపోయింది. చెదలు పట్టి మొదలంతా డొల్ల. పైగా పక్కనున్న నూకాలవ్వ గుడిసె మీదికి వాలి ఉండేది.

నూకాలవ్వ బుట్టలల్లుకుని బతికే ముసలిది. ఆమెకున్న లోకమంతా తల్లి లేని పసి మనవరాలే.

"భూషయ్య బాబూ, ఆ చెట్టు కొట్టించెయ్యండి. గాలి లేస్తే చాలు, బిడ్డను పట్టుకుని బిక్కుబిక్కుమంటున్నాను," అని బతిమాలింది.

"కోతల రోజులు అవ్వా, కూలీలు దొరకొద్దూ? తర్వాత చూద్దాంలే," అన్నాడు భూషయ్య.

ఆషాఢంలో మళ్లీ అడిగింది. "శూన్యమాసంలో ఎవరైనా చెట్టు కొడతారా? శ్రావణం రానీ," అన్నాడు. వంకలు వెతికేవాడికి పంచాంగం ఎప్పుడూ సిద్ధమే కదా!

శ్రావణం వచ్చింది. అవ్వా వచ్చింది. ఈ ముసలిదాని పోరు ఎలాగైనా వదిలించుకోవాలని భూషయ్య ముందే ఒక పని చేసి పెట్టాడు. ఎవరూ లేని వేళ చూసి, చెట్టు మొదలుకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, ఎర్రగుడ్డ చుట్టాడు.

"చూశావా అవ్వా, అమ్మవారు వెలిసింది! ఇక గొడ్డలి ఎలా పెట్టమంటావు?"

పాపం, నూకాలవ్వ లెంపలు వేసుకుంది. "తెలియక కొట్టించమన్నాను, తప్పు కాయి తల్లీ!" అంటూ అక్కడే సాగిలపడింది. భూషయ్య మీసాల్లో నవ్వుకున్నాడు. ఛీ, ఏం మనిషమ్మా!

మర్నాటి నుంచి ఊరి ఆడవాళ్లు వచ్చి బిందెలతో నీళ్లు పోశారు. డొల్ల మొదలు నాని మెత్తబడింది. భూషయ్యకు లోపల పీకుతూనే ఉంది. కానీ నిజం చెబితే పరువు పోతుందని నోరు మూసుకున్నాడు.

ఒక సాయంత్రం ఆకాశం నల్లబడి ఈదురుగాలి లేచింది. తలుపులు వేసుకోబోతూ భూషయ్య పెరట్లోకి చూశాడు. నూకాలవ్వ మనవరాలిని ఒళ్లో పెట్టుకుని, చెట్టు వాలిన వైపే కూర్చుని ఉంది. పక్కన మరో నలుగురు ఆడవాళ్లు.

"అవ్వా, లేచి రా! చెట్టు పడిపోతుంది!"

"అమ్మ నీడలో మాకేం భయం బాబూ? ఇక్కడ ఉందని మీరే చెప్పారుగా," అంది అవ్వ.

ఫెళ్లుమని ఒక కొమ్మ విరిగి పక్కనే పడింది. ఎవరూ కదల్లేదు. కళ్లు మూసుకుని ఇంకా గట్టిగా దండం పెట్టారు.

భూషయ్య వానలో పరుగెత్తాడు. "అమ్మవారు లేదు, ఏమీ లేదు! ఆ పసుపు నేనే పూశాను! చెట్టు కొట్టిస్తే కూలి డబ్బులు ఖర్చవుతాయని అబద్ధమాడాను! నా మొహాన ఉమ్మెయ్యండి గానీ లేవండి తల్లీ!" అని అరుస్తూ ఎర్రగుడ్డ లాగి పారేశాడు.

అప్పుడు లేచారు. వాళ్లు పెరడు దాటారో లేదో, చెట్టు కూలి గుడిసెను నేలమట్టం చేసింది.

ఆడవాళ్లు నోటికొచ్చినట్లు తిట్టారు. భూషయ్య తల వంచుకుని అన్నీ పడ్డాడు. నూకాలవ్వ మాత్రం పల్లెత్తు మాట అనలేదు. బిడ్డను గుండెకు హత్తుకుని, "మిమ్మల్ని నమ్మాను కదా బాబూ," అంది.

ఆ ఒక్క మాటకు భూషయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. తర్వాత ఆమెకు పెంకుటిల్లు కట్టించాడు. అయినా ఆమె ఎదురుపడితే చాలు, అతని తల దానంతటదే వాలిపోయేది.

కాబట్టి పిల్లలూ, మన వల్ల పక్కవాడికి ముప్పు ఉంటే వెంటనే తప్పించాలి గానీ, దేవుడి పేరు చెప్పి తప్పించుకోకూడదు.