ఉత్తుత్తి రాత

భీమిలి బజారులో పాత క్యాసెట్ల పాటలను సీడీల్లోకి ఎక్కించే జోగారావు మంచి పనివాడే కాని, చేసిన పనిని మరోసారి సరిచూసుకునే ఓపిక అతనికి ఉండేది కాదు. "నా చేతిలో పని తప్పుపోదు" అనేవాడు.

ఒకరోజు చేపలమ్మే నూకరత్నం ఎనిమిదేళ్ల కూతురు పైడితల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. కొంగుముడి విప్పి ఒక క్యాసెట్ తీసింది.

"ఇందులో మా ఆయన పాడిన పాటలున్నాయి బాబూ. వల లాగేటప్పుడు పాడేవోడు. ఈ పిల్ల కడుపులో ఉండగానే వేటకెళ్లి తిరిగి రాలేదు. మా టేపురికార్డరు అంతకుముందే పాడైపోయింది. నాన్న గొంతు ఎలాగుంటాదో దీనికి తెలీదు."

"రేపు రామ్మా, సీడీ ఇచ్చేస్తాను" అన్నాడు జోగారావు.

క్యాసెట్ పెట్టి పాటలన్నీ కంప్యూటర్‌లోకి తీసుకున్నాడు. గొంతు ఖంగుమంది. ఉప్పుగాలికి చీకిన టేపు మాత్రం ఆఖరి పాట అవుతూనే తెగి, మిషన్‌లో చుట్టుకుని నలిగిపోయింది. 'పోతే పోనీ, పాటలు కంప్యూటర్‌లో ఉన్నాయిగా' అనుకున్నాడు.

అతని కంప్యూటర్ లినక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచేది. ఆ రోజు సీడీ రైటర్ మొరాయించింది. సగం రాసి ఆగిపోయేది. రెండు సీడీలు పాడయ్యాయి. కేబుల్ బిగించాడు. వేగం తగ్గించాడు. మూడో సీడీ కూడా పాడుచేయడం ఇష్టం లేక, తెరమీద ఉత్తుత్తి రాతకు టిక్కు పెట్టి చూశాడు. అలా పెడితే రైటర్ సీడీని తిప్పుతుంది, అంకెలు చూపిస్తుంది, కాని దానిమీద ఏమీ రాయదు. ఈసారి ఎక్కడా ఆగలేదు.

"దొరికింది రోగం! వేగమే ఎక్కువైంది" అని సంబరపడ్డాడు. ఆ సంబరంలో టిక్కు తీయడం మరిచిపోయి రాసే బటన్ మళ్లీ నొక్కాడు. పని పూర్తయిందని తెరమీద వచ్చింది. సీడీని కవరులో పెట్టేశాడు. ఒక పెళ్లి వీడియోకి చోటు కావాలని కంప్యూటర్‌లో ఉన్న పాటలు చెరిపేశాడు.

సీడీ తీసుకెళ్లిన మూడోనాడు తల్లీకూతుళ్లు తిరిగొచ్చారు.

"ఏటీ వినపడట్లేదు బాబూ. పేటంతా వచ్చి కూకున్నారు."

"మీ ప్లేయరు పాడై ఉంటుంది" అంటూ జోగారావు సీడీని కంప్యూటర్‌లో పెట్టాడు. ఖాళీ సీడీ అని చూపించింది. చెరిపిన పాటల కోసం వెతికాడు. ఆ చోటంతా పెళ్లి వీడియో ఆక్రమించింది. తెగిన టేపు అతికించి చూశాడు. గరగర తప్ప ఏమీ రాలేదు.

"తప్పు నాదేనమ్మా. ఇచ్చేముందు ఒక్కసారి పెట్టి విన్నా సరిపోయేది" అన్నాడు తల వంచుకుని.

నూకరత్నం తిట్టలేదు. "మనిషిని సముద్రం తీసుకుపోయింది. గొంతైనా మిగిలిందనుకున్నాను బాబూ" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పైడితల్లి బల్ల దగ్గరకొచ్చి అడిగింది. "నువ్వు విన్నావు కదా మావా, మా నాన్న గొంతు ఎలాగుంది?"

జోగారావు చెప్పబోయాడు. కళ్లు తుడుచుకున్నాడు.

యంత్రం 'అయింది' అన్నంత మాత్రాన పని అయినట్టు కాదు. ఒకరు మనల్ని నమ్మి చేతిలో పెట్టినదాన్ని సరిచూడకుండా వదిలేస్తే, తర్వాత ఎంత ఏడ్చినా అది తిరిగి రాదు.