మంత్రసాని మేక కారు బేరం

అడవి దిగువన, తారు రోడ్డు మొదలయ్యే చోట, నక్క పరాంకుశం చవక ఎలక్ట్రిక్ కార్ల షోరూం నడుపుతున్నాడు. ఒక ముసురు పొద్దున మేక చెంచమ్మ తడిసిన కాళ్లతో అందులోకి అడుగుపెట్టింది. వెనకాలే ఆమె పొరుగింటి ఎద్దు గవరయ్య.

చెంచమ్మ మంత్రసాని. చుట్టుపక్కల పన్నెండు పల్లెల్లో ఎవరికి నొప్పులొచ్చినా ఆమెకే ఫోను. కిందటి వానాకాలం నడిచి వెళ్లేసరికి ఆలస్యమై ఒక పసిగుడ్డు దక్కలేదు. అప్పట్నుంచి ఆమెకి సొంత బండి కొనాలని పట్టుదల. ఇప్పుడు కొండ మీద బొద్దుగుంటలో లేడి వరాలుకి నెలలు నిండాయి, ఆ సంగతి అడవంతా తెలుసు.

"మూడు మోడళ్లున్నాయమ్మా," అన్నాడు పరాంకుశం. "కింది మోడల్ మీలాంటివాళ్లకి నప్పదు. మధ్యది చూసినవాళ్లు పైది చూడకుండా ఉండలేరు. ఇదిగో, పైది! పైకప్పు తెరుచుకుంటుంది. ఆ తెర చూశారా, నా మొహమంత ఉంది. కాళ్ల దగ్గర ఏడు రంగుల దీపాలు."

"కొండెక్కుతుందా?"

"అల్లాయ్ చక్రాలమ్మా ఇవి!"

"కొండెక్కుతుందా అని అడిగాను, పరాంకుశం గారూ."

"ఒక్క ఛార్జింగ్‌కి రెండొందల ఇరవై కిలోమీటర్లు. కాగితంలోనే ఉంది, చదువుకోండి."

చెంచమ్మ కాగితం అందుకుని ఒక్కో గడి మీద కాలిగిట్ట పెట్టి చదివింది. కింది మోడల్‌కి కావాలంటే పెద్ద బ్యాటరీ, ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టిస్తారట. పై మోడల్‌కి ఆ గడుల్లో ఒట్టి చుక్క గుర్తు.

"ఈ చుక్కేమిటి?"

"అదేదో కంపెనీవాళ్ల గుర్తులెండి."

"ఆ పెద్ద బ్యాటరీ బండి చూపించండి."

"ఇక్కడ లేదు, తెప్పించాలి. ఆరు వారాలు పడుతుంది." పరాంకుశం గొంతు తగ్గించాడు. "వరాలు ఆరు వారాలు ఆగుతుందా అమ్మా? ఇదైతే ఈ రోజే తోలుకెళ్లొచ్చు."

ఆ మాటకి చెంచమ్మ గబగబా పెన్ను తీసుకుంది.

"చెల్లమ్మా, సంతకానికేం తొందర?" అన్నాడు గవరయ్య. "బొద్దుగుంట దాకా ఒకసారి నడిపించి చూద్దాం."

"నిజమే అన్నా. ఎలాగూ వరాలుని చూసి రావాలి. నువ్వూ ఎక్కు. ఆస్పత్రికి నేను తీసుకెళ్లేవాళ్లలో నీ అంత బరువున్నవాళ్లూ ఉంటారు."

పరాంకుశం ఎద్దు వంక ఎగాదిగా చూశాడు. కానీ బేరం చేజారుతుందేమోనని తలుపు తీశాడు. గవరయ్య కొమ్ములు పట్టక పైకప్పు తెరవాల్సి వచ్చింది.

"చూశారా, సన్‌రూఫ్ ఎంత ఉపయోగమో!" అంటూ బండి తీశాడు.

తెర మీద నలభై శాతం ఛార్జింగ్ చూపిస్తోంది. దారి నలభై కిలోమీటర్లు. చదునున్నంతసేపూ బండి మెత్తగా పోయింది. ఘాట్ రోడ్డు మొదలయ్యాక ఒక్కో మలుపుకీ అంకె తగ్గసాగింది. ఇరవై తొమ్మిది. ఇరవై రెండు. చెంచమ్మ కళ్లు ఆ అంకెని వదల్లేదు.

"పాటలు ఆపనా?" అన్నాడు పరాంకుశం. కాసేపాగి ఏసీ కట్టేశాడు. ఇంకాసేపటికి రంగుల దీపాలూ పోయాయి. పైనుంచి వాన గవరయ్య మెడ మీదుగా సీట్లలోకి కారుతోంది.

పదకొండు శాతం దగ్గర ఫోను మోగింది. వరాలు మొగుడు. "అత్తా, నొప్పులు మొదలయ్యాయి. వెనక కాళ్లు ముందొస్తున్నట్టున్నాయి!"

"వస్తున్నా నాయనా, కదలనివ్వకు," అంటూ కాన్పు సామాన్ల సంచీ దగ్గరికి లాక్కుంది.

ఆరు శాతం ఉండగా దారిలో ఛార్జింగ్ స్టేషన్ కనిపించింది. దాన్ని చూసుకునే అడవిపిల్లి గొట్టంలాంటి ఛార్జింగ్ గన్ను పట్టుకొచ్చి, బండి పక్కన మూత తీసి చూసి, తిరిగి మూసేసింది.

"దీనికి ఫాస్ట్ ఛార్జింగ్ లేదు. మామూలు ప్లగ్గే. కొండెక్కేంత కావాలంటే మూడు గంటలు పడుతుంది."

చెంచమ్మ పరాంకుశం వైపు తిరిగింది. "ఆ చుక్కకి అర్థం ఇదా?"

"లేదనే అమ్మా... కానీ ఊళ్లో తిరిగేవాళ్లకి..."

"నేను కొండ అని రెండుసార్లు అడిగాను."

గవరయ్య అప్పటికే తలుపులోంచి ఒళ్లు ఈడ్చుకుని బయటపడ్డాడు. "ఎక్కు చెల్లమ్మా. కొమ్ములు గట్టిగా పట్టుకో." చెంచమ్మ సంచీ మెడకి తగిలించుకుని అతని వీపు మీదికి దూకింది. ఎద్దు రోడ్డు వదిలి అడ్డదారిన, బురద చిమ్ముతూ కొండెక్కాడు.

వాళ్లు చేరేసరికి వరాలుకి అరిచే ఓపిక కూడా లేదు. చెంచమ్మ పిల్ల కాళ్లు పట్టుకుని మెల్లగా లాగింది. లేడిపిల్ల బయటికొచ్చి కాసేపు కదల్లేదు. ఆమె ముక్కు తుడిచి, ఊది, వీపు రాసింది. చివరికి అది తుమ్మింది. గుమ్మం బయట గవరయ్య మోకాళ్ల మీద కూలబడిపోయాడు.

అక్కడ స్టేషన్‌లో పరాంకుశం ప్లగ్గు పక్కన వానలో కూర్చున్నాడు. ఛార్జింగ్‌కి వచ్చిన ప్రతివాళ్లూ ఆగి, "మీ బండి మీకే కొండెక్కలేదా?" అని పలకరించి పోయారు. వాళ్లలో ముగ్గురు అప్పటికే పై మోడల్ బుక్ చేసినవాళ్లు. అక్కడికక్కడే వద్దనేశారు.

మర్నాడు చెంచమ్మ షోరూంకి వెళ్లి కింది మోడల్‌కే పెద్ద బ్యాటరీ, ఫాస్ట్ ఛార్జింగ్ రాయించింది.

"సీటు కవర్లైనా వేయించుకోండమ్మా," అన్నాడు పరాంకుశం నీరసంగా.

"వద్దు. ఆ చుక్క పక్కన ‘లేదు’ అని నీ చేత్తో రాసి, ఆ కాగితం గోడకి అంటించు. అప్పుడే సంతకం."

అతను రాసి అంటించాకే ఆమె సంతకం పెట్టింది.

నీతి: అమ్మేవాడు ఏం ఉందో చెబుతాడు, ఏం లేదో కొనేవాళ్లే అడిగి తెలుసుకోవాలి.