సువార్తమ్మ ఆదరణ కూడిక

మా చర్చి పాస్టరు ఇశ్రాయేలు అయ్యగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆయన దగ్గర సేవ నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళలో సగం మంది ఇందుకే విసుగెత్తి వెళ్ళిపోయారు. మా పేటవాడే అయిన నతానియేలు మాత్రం ఉండిపోయాడు. వాక్యం కంఠతా వచ్చినవాడు, మంచి గొంతున్నవాడు. అతనితో ఒకటే చిక్కు, ఎవరినీ ఒక్క మంచి మాట అనడు. అన్నం పెట్టిన ఇల్లాలితో కూడా కూర బాగుందమ్మా అనడు, ప్రభువుకు స్తోత్రం అని చెయ్యి కడుక్కుంటాడు. అదే భక్తి అనుకునేవాడు. ఆ మాటకొస్తే మా పేట సంఘమంతా అలాగే అనుకునేది.

ఒకనాడు అతను అడిగాడు. "అయ్యగారూ, ఘనత అంతా దేవుడిదే కదా. మరి తోటి మనిషిని మెచ్చుకోవడం కూడా విశ్వాసంలో భాగమని మీరెందుకంటారు? దేవుడి సొమ్ములోంచి మనిషికి వాటా తీసిపెట్టినట్టు కాదా?"

అయ్యగారు, "ఆదివారం సాయంత్రం సువార్తమ్మకి ఆదరణ కూడిక పెడుతున్నాం. నువ్వు మాట్లాడాలి" అన్నారు.

నతానియేలు తెల్లబోయాడు. ఆదరణ కూడిక మనిషి పోయాక పెట్టేది. భూస్థాపన అయిన కొన్నాళ్ళకి బంధువులూ సంఘమూ చేరి, పోయినవారి మంచి చెప్పుకుని, పాటలు పాడి, భోంచేసి వెళతారు. సువార్తమ్మ చూస్తే బతికే ఉంది.

పేటలో ఎవరు పోయినా శవానికి స్నానం చేయించి, తెల్లబట్ట కట్టి, తల దువ్వి పెట్టెలో పడుకోబెట్టేది ఆవిడే. పిలవనక్కర్లేదు, ఏడుపు వినపడితే వచ్చేసేది. ఆ పనికి ఆవిడకి మంచి మాట ఎవరు చెబుతారు? పోయినవాళ్ళు చెప్పలేరు, ఉన్నవాళ్ళు ఏడుపులో ఉంటారు. ఆ తర్వాత ఆ చేతులు చూస్తే ఆ రోజు గుర్తొస్తుందని పెళ్ళిళ్ళలో ఆవిడ పక్కన కూర్చునేవాళ్ళు కూడా కాదు. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఇప్పుడు కడుపులో పుండు పెరిగి, టౌన్లో డాక్టరు ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నాడు. అప్పుడొచ్చి అయ్యగారిని అడిగింది. "నేను పోయాక ఎలాగూ నాలుగు మాటలు చెబుతారు కదయ్యా. అవేవో నేనుండగా ఒక్కసారి వినాలనుంది. గర్వమైతే దేవుడే క్షమిస్తాడు." అయ్యగారు సరేనన్నారు.

సంఘం ముక్కున వేలేసుకుంది. వచ్చారు మాత్రం అందరూ. వింత చూడ్డానికైతే మా వాళ్ళకి ఏ పనీ అడ్డం రాదు.

సువార్తమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని, ఒక్క మాటా పోకూడదన్నట్టు ముందుకు వంగి కూర్చుంది. ఆవిడ చేతుల మీదుగా తండ్రినీ తమ్ముణ్ణీ సాగనంపిన సంఘపెద్ద లేచి, కీర్తన చదివి కూర్చున్నాడు. ఆడవాళ్ళు పాట పాడారు. ఒకాయన వర్షాల కోసం ప్రార్థించాడు. ఎదురుగా మనిషి కూర్చుని కళ్ళల్లోకి చూస్తుంటే ఒక్కరికీ నోరు పెగల్లేదు. సిగ్గట. ఆవిడని పెళ్ళిపందిట్లో దూరంగా కూర్చోమనడానికి అడ్డం రాని సిగ్గు, అప్పుడొచ్చింది.

నతానియేలు వంతు వచ్చింది. అతని తల్లి ఒళ్ళంతా పుండ్లుపడి పోయినప్పుడు సొంత పిన్నమ్మలు గడప దగ్గరే ఆగిపోయారు. సువార్తమ్మ ఒక్కతే లోపలికెళ్ళి తలుపేసుకుంది. "నొప్పెడుతోందా అక్కా, అయిపోయిందిలే" అని బతికున్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడుతూ ఒళ్ళు కడుగుతుంటే తలుపు ఇవతల అతను విన్నాడు. అదంతా నాలుక చివరే ఉంది. ఆవిడ కూడా వీడైనా చెబుతాడని అతని వైపే చూస్తోంది. అతను గొంతు సవరించుకుని, "ఈ సహోదరి ద్వారా జరిగిన మేలులన్నిటికీ ప్రభువుకే మహిమ" అని కూర్చున్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. సువార్తమ్మ కూడా అంది.

చివర్లో అయ్యగారు లేచి, ఆవిడ చేసినవి ఒక్కొక్కటీ చెప్పారు. కూడిక అయ్యాక ఆవిడ ఆయన దగ్గరికొచ్చి, "మీరు చెబుతారయ్యా, అది మీ పని. మిగతావాళ్ళకి చెప్పడానికేం లేదు కాబోలు, పోనీలెండి" అంది. కోపంతో అనలేదు. నిజంగానే అలా నమ్మింది. ఎంత అన్యాయం.

మర్నాడు నతానియేలు ఆవిడ ఇంటికి వెళ్ళాడు. మందులు వేసుకుంటున్నావా పెద్దమ్మా అని అడిగి, కాసేపు కూర్చుని వచ్చేశాడు. ఆ తర్వాత కూడా వెళ్ళాడు, ఆ మాటే అడిగి వచ్చాడు. ఈలోపు ఆవిడ పోయింది. స్నానం చేయించాల్సి వచ్చేసరికి ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, అయ్యగారి భార్య కొంగు బిగించి లోపలికెళ్ళింది.

ఈసారి ఆదరణ కూడికకి మైకు తెచ్చారు, ఫ్లెక్సీ కట్టారు, పలావు వండారు. మైకు కోసం వరసలో నిలబడ్డారు జనం. సంఘపెద్ద వెక్కి వెక్కి ఏడ్చాడు. నతానియేలు తన తల్లి సంగతీ, తలుపు వెనక విన్న మాటా ఏదీ దాచకుండా చెప్పాడు. వింటున్నవాళ్ళలో కన్ను తుడుచుకోనివాళ్ళు లేరు. అంత బాగా అతను ఎన్నడూ మాట్లాడి ఉండడు.

దిగివచ్చి, తడి మొహంతోనే అయ్యగారి పక్కన నిలబడ్డాడు. "ఇవాళ చెప్పగలిగానయ్యగారూ" అన్నాడు.

అయ్యగారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"బాగా చెప్పావు నాయనా. కాకపోతే, అదంతా మాకు తెలిసిందే."