బంగారయ్య ఎలక్షన్లో నిలబడ్డాడు

కొత్తరేవు పట్నం పదకొండో వార్డులో బంగారయ్య కుటుంబానికి ఉన్నంత తెలివి ఇంకెవరికీ లేదు. ఈ మాట ఎవరన్నారంటే, వాళ్ళే అన్నారు. "వాన సంగతి మేం ముందే చెప్పేస్తాం. వస్తే వస్తుంది, రాకపోతే రాదు" అనేవాడు బంగారయ్య. అది విన్నప్పుడల్లా అతని భార్య నూకాలుకి, పుట్టింటివాళ్ళు ఎంత మంచి సంబంధం చూశారో అని కళ్ళు చెమర్చేవి.

ఆమెకి ఒక్కటే దిగులు. పదేళ్ళలో ఏడు అద్దె ఇళ్ళు మారారు. ఇప్పుడు ఇంటాయన వీరభద్రంగారు కూడా ఖాళీ చెయ్యమంటున్నాడు. ఆ మాట వినపడని ఇంట్లో ఒక్కరోజైనా ఉండాలని ఆమె కోరిక.

"అద్దెలు తగ్గాలంటే మనలాంటివాడు కౌన్సిలర్ కావాలి. ఎలక్షన్లో నిలబడవయ్యా!" అన్నాడు వీధిలో ఉండే ప్లీడరు గుమాస్తా కామేశంగారు.

అంతే. బంగారయ్య నిలబడ్డాడు. నిలబడే తిన్నాడు, గోడకి ఆనుకుని నిలబడే నిద్రపోయాడు. మూడోనాటికి పాదాలు బూరెల్లా పొంగాయి. నూకాలు వాటికి ఆముదం రాస్తూ, "అవతలివాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారట. ఓడిపోయినట్టే!" అని మురిసిపోయింది.

కామేశంగారు తల పట్టుకున్నాడు. "నిలబడితే చాలదయ్యా! ప్రతివాడి నెత్తిమీదా ఓ కప్పు ఉండేలా చూస్తానని జనానికి చెప్పాలి."

"చెప్పడం దేనికండీ, చేసేస్తే పోలా?" అంది నూకాలు.

ఇంకేముంది! టీకొట్టు కప్పులన్నీ బుట్టకెత్తుకుంది. ఎవరు కనపడితే వాళ్ళ నెత్తిన ఒకటి బోర్లించింది. "కదలకత్తా, కొంప కూలిపోతుంది!" అని ఓ ముసలమ్మకి జాగ్రత్త చెప్పింది.

"సాసరు కూడా ఇస్తే అరుగున్నట్టుండేది కదే" అంది ఆ ముసలమ్మ.

దర్జీ మస్తాన్‌ది బట్టతల. పెట్టిన కప్పు పెట్టినట్టే జారిపోయింది. "పాపం, ఈయనకి ఇల్లు నిలిచే రాత లేదొదినా" అని మరిది చినబంగారయ్య మైదా ఉడికించి కప్పుని అంటించాడు.

"కప్పులు చాలించండి తల్లీ!" అని కామేశంగారు చేతులు జోడించాడు. "కులం, మతం అనకుండా అందర్నీ ఒక్క తాటి మీదికి తెండి. అదే గెలుపు."

"మన వార్డులో ఉన్నదే ఒక్క తాటిచెట్టు, మార్కెట్టు వెనక! ఎంత సులువు!" అంది నూకాలు.

అంతే. పూజారి శేషాచారిగారిని ఎక్కించారు. ఆయన కింద చర్చి పెద్ద దేవదానం, ఆయన కింద మస్తాన్, ఆ కింద చేపల సింహాచలం.

"ఏంటయ్యా, నీ మోకాలు నా చెవిలో పెట్టావు?"

"నా మోకాలి కింద చెవి పెట్టుకుని నన్నంటావేంటి?"

"సర్దుకోండి బాబూ, ఇంకా కుమ్మరివీధి వాళ్ళెక్కాలి!" అని కింద నుంచి నూకాలు.

చేపల సింహాచలానికి తుమ్మొచ్చింది. ఇంకేముంది, అందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. ఏ కాలు ఎవరిదో తేలేసరికి మధ్యాహ్నమైంది.

కట్లు కట్టించుకుంటూ వార్డంతా ఆలోచించింది. "మిగతావాళ్ళు పాతికేళ్ళ నుంచి ఇళ్ళిస్తామంటున్నారు. ఏదీ ఇవ్వలేదు. ఈయన కప్పైనా ఇచ్చాడు" అనుకుని ఓట్లన్నీ గుద్దేశారు. బంగారయ్య గెలిచాడు.

ప్రమాణం రోజున ఛైర్మన్‌గారు దండవేసి, "ఇక ఈ వార్డంతా మీ ఇల్లే అనుకోండి" అన్నారు.

నూకాలు ఒక్క పరుగున ఇంటికొచ్చి, గిన్నెలూ చాపలూ బయటికి మోయించి, తాళంచెవి తెచ్చి వీరభద్రంగారి చేతిలో పెట్టింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడాయన, నమ్మలేక.

"మా ఇంటికి బాబాయిగారూ! మీరుండేది కూడా మా ఇంట్లోనే. భయపడకండి, మేం ఎప్పటికీ ఖాళీ చెయ్యమనం."

ఆయన గబగబా తాళం వేసేసుకున్నాడు.

నూకాలు నాలుగురోడ్ల కూడలి మధ్యలో పొయ్యి వెలిగించి ఎసరు పెట్టింది. బస్సొచ్చి ఆగింది. డ్రైవరు హారన్ మోగించి, "ఏయ్, ఖాళీ చెయ్యమ్మా!" అని అరిచాడు.

నూకాలు చల్లగా నవ్వింది. "ఆ రోజులు పోయాయి నాయనా. లోపలికి రా, భోంచేద్దువుగాని. కానీ ఇది వంటిల్లు, చెప్పులతో రాకూడదు."

డ్రైవరు తన కాళ్ళ వంక చూసుకున్నాడు.

"నీవి కాదు నాయనా, బస్సువి" అంది నూకాలు. చినబంగారయ్య అప్పటికే మొదటి చక్రం విప్పేశాడు.