అచ్చాయమ్మ వేషాలు

అనగనగా అనేది నేను, ఊ అనేది మీరు. మీ ఊ ఆగితే నా కథా ఆగిపోద్ది, ముందే చెప్తున్నా.

అనగనగా ఒక రాజ్యం, ఆ రాజ్యంలో ఓ కాలవ. కాలవ నీళ్ళన్నీ రాజుగారి మామిడి తోటకే. ఊళ్ళో చేలన్నీ నెర్రెలిచ్చి నోళ్ళు తెరుచుకున్నాయి. జనానికి మాత్రం నోళ్ళు లేవు. ఒక్క అచ్చాయమ్మకుంది. మొగుడు పోయిన మనిషి, ఓ చిన్న చేను, కొడుకూ కోడలూ, అంతే ఆవిడకున్నది. తిన్నగా కొలువులోకెళ్ళి, మా చేలకి నీళ్ళెప్పుడొదుల్తారు బాబూ అని అడిగేసింది. రాజు కళ్ళెర్రజేశాడు. దీని తల తీసెయ్యండన్నాడంట. మంత్రి చెవిలో చెప్పాడు: తల తీస్తే ఆ మాట ఊరంతా అంటుంది ప్రభూ, తల జోలికెళ్ళొద్దు, పేరు చెడగొడదాం చాలు.

ఊ కొడుతున్నారా? ఆఁ, అలా ఉండాలి.

మరి అప్పట్లో టీవీలూ ఫోన్లూ ఎక్కడివి? తోలుబొమ్మలాటే. ఆట ఆడేవాళ్ళకి బస్తాడు బియ్యమిచ్చి కొత్త బొమ్మ చేయించారు. చేటంత నోరు, జానెడు నాలిక, నెత్తిన ఓటి కుండ. పెళ్ళింట్లో దూరి నీళ్ళో, నీళ్ళో అంటది. చావింట్లో దూరి నీళ్ళో, నీళ్ళో అంటది. దేవుడి కల్యాణంలో తలంబ్రాల వేళ కూడా నీళ్ళో, నీళ్ళో! జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ముందు చాపమీద కూచున్న అచ్చాయమ్మా నవ్వింది, పిచ్చి మనిషి. అప్పుడు తెర వెనకాల ఒకడు, నీ పేరేంటే అని బొమ్మనడిగాడు. అచ్చాయమ్మండీ అంది బొమ్మ. అందరూ తిరిగి ఆవిణ్ణే చూశారు.

ఇంక చూడండి. పిల్లాడు ఇంకాస్త కూరడిగితే, అచ్చాయమ్మ వేషాలెయ్యకురా. కోడలు పుట్టింటికెళ్తానంటే, అచ్చాయమ్మ వేషాలెయ్యకే. పాలేరు పండక్కి పంచెడిగితే, ఏరా అచ్చాయమ్మా? అడగడమంటేనే సిగ్గుమాలిన పనైపోయింది. కాలవ మాటెత్తే వాడే లేడు. రాజుకి కత్తితో పన్లేకుండా పోయింది. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఇలా ఉండగా అచ్చాయమ్మ కోడలు బుల్లెమ్మకి ఆడపిల్ల పుట్టింది. బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పోసి, ఏం పేరు రాయమంటారన్నారు. మా అత్త పేరే అంది బుల్లెమ్మ. అచ్చాయమ్మ కోడలి చేతులు పట్టుకుని, వద్దే తల్లీ, ఆ పేరు నాతోనే పోనీ, పసిగుడ్డుకి తగిలించకే అని ఏడ్చింది. పేరంటాళ్ళు కిసుక్కుమన్నారు. బుల్లెమ్మ మొగుడి చేత ఆ పేరే రాయించి, వాళ్ళ వైపు తిరిగింది. నవ్వారు కదా, మా అత్త కొలువులో ఏమడిగిందో ఒక్కరు చెప్పండి అంది.

ఒక్కరికీ గుర్తులేదు! బొమ్మ నోరు గుర్తుంది, నెత్తిన కుండ గుర్తుంది. ఏమడిగిందో గుర్తులేదు. మీ చేలకే నీళ్ళడిగిందమ్మా అని బుల్లెమ్మే చెప్పాల్సొచ్చింది. ఇంకెవరూ నవ్వలేదు.

మర్నాడు ఆడాళ్ళందరూ బిడ్డల్ని చంకనేసుకుని కొలువుకెళ్ళారు. నీ పేరేంటే అంటే అచ్చాయమ్మ. నీ పేరేంటే అంటే అచ్చాయమ్మ. నీకేం కావాలే అంటే నీళ్ళు. మరి నీకే అంటే నీళ్ళు. ఇంతమందికి బొమ్మలు చేయించాలంటే తోళ్ళెక్కణ్ణించొస్తాయి? రాజు నోరు మూసుకుని తూము ఎత్తించాడు. చేలు పండాయి, ఊరంతా సుఖంగా ఉంది.

అచ్చాయమ్మ తప్ప. ఆవిడ మళ్ళీ ఎవర్నీ ఏమీ అడగలేదు. మంచాన పడ్డాక దాహమేస్తే కుండ వంక చూసేది, అంతే. కోడలే కనిపెట్టి పోసేది. ఓ మధ్యాహ్నం కోడలు చేలో ఉంది. చూడ్డానికొచ్చిన జనం ఇంట్లో ఉండి కూడా ఎవరూ కనిపెట్టలేదు. అలాగే పోయింది.

నీళ్ళొచ్చాయి కానీ అచ్చాయమ్మ వేషాలన్న మాట పోలేదర్రా. ఏరా పండూ, ఇందాక అన్నాల దగ్గర అక్క ఇంకో చేపముక్క అడిగితే నువ్వేమన్నావు? ఏం, ఊ కొట్టవే? అప్పట్నించీ అది నోరు విప్పలేదు, చూశావా? మనిషి ఏదైనా అడిగితే ముందు ఏమడిగిందో వినాలి. నవ్వడానికేం, ఎప్పుడైనా నవ్వొచ్చు.

కథ కంచి దారి పట్టింది. నువ్వు లేచి, దానికి గ్లాసుడు మంచినీళ్ళిచ్చి పడుకో.